ఆకాశ హస్తం : ఇగోర్ సికోర్‌స్కీ

మహాభారతం ఆదిపర్వంలోని రెండు ఘట్టాలు చదువరుల మనస్సులో చిరకాలం నిలిచిపోతాయి. గరుత్మంతుడు ఏనుగునూ తాబేలునూ కాలిగోళ్ళలో ఇరికించుకొని, విరిగిన మహావృక్ష శాఖను ముక్కున కరచుకొని ఆకాశంలో సాగిపోయిన ఘట్టం మొదటిది. ఖాండవవనం దహించుకుపోతుండగా ఆ మంటలను చల్లార్చడానికి ఇంద్రుడు కుంభవృష్టి కురిపించిన ఘట్టం రెండవది. మహాభారాన్ని మోస్తూ ఎగరగల శక్తి ఒక ఊహ; మండే అడవిపై ఆకాశం నుంచి నీరు కుమ్మరించడం మరొక ఊహ. ఈ రెండు ఊహలూ ఒకే యంత్రంలో ఏకమై సత్యరూపం ధరించడానికి ఇరవయ్యవ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది. టన్నుల కొద్దీ బరువును ఎత్తుకొని, నేలపై పరుగు తీయకుండా ఉన్నచోటి నుంచే పైకి లేచి, గాలిలో కదలకుండా నిలువగల భారవాహక హెలికాప్టరే ఆ యంత్రం. దాని వెనుక అరవై ఏళ్ళకు పైబడిన ఒక మనిషి సాధన ఉంది. ఆయనే ఇగోర్ ఇవానొవిచ్ సికోర్‌స్కీ.

సికోర్‌స్కీ 1889 మే 25న కీవ్ నగరంలో జన్మించాడు. నేడు ఉక్రెయిన్ దేశానికి రాజధాని అయిన ఆ నగరం ఆనాడు రష్యన్ సామ్రాజ్యంలో భాగంగా ఉండేది. తండ్రి ఇవాన్ మానసిక శాస్త్రంలో పేరెన్నికగన్న ఆచార్యుడు. తల్లి మరియా వైద్యవిద్య అభ్యసించిన విదుషి. వృత్తిని చేపట్టక ఇంటిపట్టునే ఉండి పిల్లలకు తొలి గురువైన ఆ తల్లి, లియొనార్డో డావిన్చి గీసిన ఎగిరే యంత్రాల చిత్రాలను గురించి కుమారునికి కథలుకథలుగా చెప్పేది. జూల్స్ వెర్న్ నవలలు ఆ బాలుని ఊహకు రెక్కలు తొడిగాయి. పదకొండేళ్ళ ప్రాయంలో అతనికొక కల వచ్చిందట. మృదువైన నీలికాంతి పరచుకొన్న ఒక సన్నని నడవలో తాను నడుస్తున్నట్లు, పాదాల కింద సన్నని కంపనం తగులుతున్నట్లు, తానున్నది ఆకాశంలో ఎగిరే నౌక అని తెలిసినట్లు ఆ కల. మరుసటి సంవత్సరమే అతడు రబ్బరు పట్టీ బిగింపుతో తిరిగే చిన్న హెలికాప్టర్ నమూనాను తయారుచేశాడు. అది గాలిలోకి లేచింది. ఆ ఆటవస్తువు లేచినంత సులువుగా అసలు యంత్రం లేవదని అతనికి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

1903లో సికోర్‌స్కీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని నౌకాదళ విద్యాలయంలో చేరాడు. మూడేళ్ళు గడిచేసరికి సైనికోద్యోగం తన మార్గం కాదని గ్రహించి, 1906లో దానిని విడిచిపెట్టాడు. కొంతకాలం పారిస్‌లో చదివి, తిరిగివచ్చి 1907లో కీవ్ పాలిటెక్నిక్ సంస్థలో ప్రవేశించాడు. 1908 వేసవిలో తండ్రితో కలిసి జర్మనీలో పర్యటిస్తుండగా, రైట్ సోదరుల విమానయానాన్ని గూర్చిన వార్తను ఒక పత్రికలో చదివాడు. మనిషి ఎగరగలడన్నది ఇక కథ కాదు, జరిగిన విషయం. ఆ క్షణంలోనే అతని జీవితగమ్యం స్థిరపడింది. అయితే రైట్ సోదరుల బాటలో రెక్కల విమానం నిర్మించాలని అతడు తలచలేదు. నిట్టనిలువుగా పైకి లేచే యంత్రాన్నే నిర్మించాలని సంకల్పించాడు.

అక్క ఓల్గా సమకూర్చిన ధనంతో సికోర్‌స్కీ 1909లో మళ్ళీ పారిస్ వెళ్ళాడు. అది ఆనాడు విమాన విద్యకు కాశీ వంటి క్షేత్రం. హెలికాప్టర్ జోలికి పోయి కాలాన్ని వృథా చేసుకోవద్దని అక్కడి అనుభవజ్ఞులు హితవు చెప్పారు. ఆయన విన్నాడు కాని మానలేదు. 25 అశ్వశక్తి గల ఆంజాని ఇంజన్‌ను కొనుక్కొని కీవ్ చేరి, ఇంటి ఆవరణలోనే తొలి హెలికాప్టర్‌ను కట్టాడు. ఇంజన్ గర్జించింది, రెక్కలు తిరిగాయి, యంత్రం గజగజ వణికింది, కాని నేలను వదలలేదు. 1910లో కట్టిన రెండవ హెలికాప్టర్ తన బరువును తాను ఎత్తుకోగలిగింది. దానిపై మనిషి కూర్చుంటే మాత్రం లేవలేకపోయింది. లోపం తన ఆలోచనలో కన్న ఆనాటి సాధనాలలోనే ఎక్కువగా ఉన్నదని ఆయన గ్రహించాడు. తేలికగా ఉంటూ ఎక్కువ శక్తినిచ్చే ఇంజన్లు అప్పటికి లేవు. రెక్కల చుట్టూ గాలి ఎలా ప్రవర్తిస్తుందో తెలిపే శాస్త్రం ఇంకా శైశవదశలోనే ఉంది. కాలం అనుకూలించే వరకు ఆ కలను పక్కన పెట్టి, ఆయన రెక్కల విమానాల వైపు మళ్ళాడు. పక్కన పెట్టడం వేరు, విడిచిపెట్టడం వేరు అన్న సంగతిని ఆయన తరువాతి జీవితం నిరూపించింది.

విమానాల నిర్మాణంలో సికోర్‌స్కీ ప్రతిభ త్వరలోనే వెల్లడైంది. 1911లో ఆయన తన అయిదవ విమానంపై ఎగిరి చోదకునిగా అనుమతిపత్రం పొందాడు. ఆ విమానంతోనే ఒక విచిత్రమైన ఆపద కూడా సంభవించింది. ఎగురుతుండగా ఇంధనం ప్రవహించే సన్నని రంధ్రంలో ఒక దోమ చిక్కుకొని ఇంజన్ ఆగిపోయింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. ఒక్క దోమ విమానాన్ని కూల్చగలిగితే, ఆ తప్పు దోమది కాదనీ, ఒకే ఇంజన్‌పై మనిషి ప్రాణాన్ని నిలిపిన నిర్మాణానిదనీ ఆయన తలపోశాడు. అప్పటికి రష్యా–బాల్టిక్ వాహన కర్మాగారపు విమాన విభాగంలో ప్రధాన ఇంజనీరుగా ఉన్న ఆయన, 1913లో నాలుగు ఇంజన్లు గల విమానాన్ని నిర్మించి ఎగురవేశాడు. ప్రపంచంలో అటువంటిది అదే మొదటిది. దాని తరువాత వచ్చిన ఇల్యా మురొమెత్స్ అనే మహావిమానంలో ప్రయాణికులకు మూసిన గది, కూర్చోవడానికి ఆసనాలు ఉండేవి. 1914 వేసవిలో ఆ విమానం సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి కీవ్‌కు వెళ్ళి తిరిగివచ్చి లోకాన్ని అబ్బురపరచింది.

కాని అదే సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధం విరుచుకుపడింది. ప్రయాణికుల కోసం రూపొందిన ఆ విమానం బాంబులు మోసే వాహనమైపోయింది. అటువంటివి 70కి పైగా తయారయ్యాయి. తాను ఒక ప్రయోజనాన్ని ఉద్దేశించి నిర్మించిన యంత్రాన్ని లోకం మరొక ప్రయోజనానికి వాడుకోవడం సికోర్‌స్కీకి అది మొదటి అనుభవం. అదే చివరిది మాత్రం కాలేదు.

1917లో రష్యాలో విప్లవం చెలరేగింది. సామ్రాజ్య సైన్యానికి విమానాలు నిర్మించి ఇచ్చిన సికోర్‌స్కీకి స్వదేశంలో ప్రాణరక్షణ కరువైంది. 1918లో ఆయన జన్మభూమిని విడిచి, ఇంగ్లండ్ మీదుగా ఫ్రాన్స్ చేరుకొన్నాడు. అక్కడ కొంత పని దొరికినా, ఆ ఏడాది నవంబరులో యుద్ధం ముగియడంతో అదీ పోయింది. 1919 మార్చిలో ఆయన న్యూయార్క్ రేవులో అడుగుపెట్టాడు. రష్యాలో ఎంతటి కీర్తి గడించినా, అమెరికాలో ఆయన పేరు తెలిసినవారు బహు కొద్దిమంది. యుద్ధం ముగిసి విమానాలు మిగిలిపోయిన ఆ రోజుల్లో కొత్త విమానాలు ఎవరికీ అక్కరలేదు. వేలాది మైళ్ళ దూరం నుంచి వలసవచ్చిన తోటి రష్యన్లకు గణితం బోధించి, ఖగోళ విషయాలపై ఉపన్యాసాలిచ్చి ఆయన పొట్ట పోసుకొన్నాడు.

1923లో కొందరు వలసదారుల తోడ్పాటుతో లాంగ్ ఐలండ్‌లోని ఒక కోళ్ళ ఫారంలో ఆయన విమాన నిర్మాణ సంస్థను ప్రారంభించాడు. పనివారిలో చాలామందికి జీతాలు సక్రమంగా అందేవి కావు. అయినా వారు ఆయనను విడిచిపోలేదు. సంస్థ మూతపడే స్థితికి చేరినప్పుడు సుప్రసిద్ధ సంగీతవేత్త సెర్గేయ్ రహ్మానినోవ్ 5,000 డాలర్ల వాటా ధనమిచ్చి ఆదుకొన్నాడు. 1924లో తొలి విమానం గాలిలోకి లేచింది. రెండేళ్ళ తరువాత మరొక పెద్ద దెబ్బ తగిలింది. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఆగకుండా దాటడానికి నిర్మించిన మూడు ఇంజన్ల విమానం, 1926 సెప్టెంబరులో ఇంధన భారంతో నేలను వదలలేక కూలి, అగ్నికి ఆహుతైంది. అందులోని ఇద్దరు సిబ్బంది సజీవంగా బయటపడలేకపోయారు. మోయదగిన దానికి మించిన బరువు ఎంతటి అనర్థానికి దారితీస్తుందో, మంట ఎంత వేగంగా మనుషులను కబళిస్తుందో తెలియడానికి అంతకన్న కఠినమైన పాఠం ఉండదు.

ఆ ఆపద నుంచి సంస్థను నిలబెట్టినవి నీటిమీద, నేలమీద కూడ దిగగల ఉభయచర విమానాలు. 1928లో వచ్చిన నమూనాకు గిరాకీ పెరిగింది. ఆ సంవత్సరమే సికోర్‌స్కీ అమెరికా పౌరుడయ్యాడు. తరువాత ఆయన సంస్థ యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో భాగమై కనెక్టికట్ రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో స్థిరపడింది. అక్కడ రూపొందిన ఎగిరే పడవలు పాన్ అమెరికన్ సంస్థ తరఫున ఖండాంతరాలకు దారులు వేశాయి. 1931లో అటువంటి ఒక విమానంలో ప్రయాణిస్తూ, లోపలి నడవలో వెలిగించిన నీలి దీపాలను చూసి, చిన్ననాటి స్వప్నం తన కళ్ళ ఎదుటే నిలిచినట్లు ఆయన గుర్తించాడు.

సామాన్యులైతే అంతటితో తృప్తిపడి ఉండేవారు. సికోర్‌స్కీ మనస్సులో మాత్రం కీవ్‌లో లేవక నిలిచిపోయిన ఆ యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. 1938లో పెద్ద విమానాలకు గిరాకీ తగ్గి, సంస్థ వాటి తయారీని కుదించదలచినప్పుడు, హెలికాప్టర్‌పై పరిశోధనకు అనుమతి ఇవ్వవలసిందిగా ఆయన పెద్దలను కోరాడు. వారు అంగీకరించారు. అప్పటికి ఆయన వయస్సు యాభైకి చేరువైంది.

హెలికాప్టర్‌లో తీరని చిక్కు ఒకటి ఉంది. పైనున్న రోటరు ఒక దిక్కుగా తిరిగినప్పుడు, న్యూటన్ మూడవ సూత్రాన్ని అనుసరించి, కిందనున్న యంత్రదేహం దానికి వ్యతిరేక దిక్కుగా తిరగజూస్తుంది. అందుచేత తొలినాటి నిర్మాతలు ఎదురెదురు దిక్కులుగా తిరిగే రెండు రోటర్లను అమర్చేవారు. 1936లో జర్మనీలో విజయవంతంగా ఎగిరిన హెలికాప్టర్‌కు కూడ ఇరుపక్కలా రెండు రోటర్లు ఉండేవి. సికోర్‌స్కీ వేరొక మార్గం తొక్కాడు. పైన ఒకే పెద్ద రోటరు, తోక చివర నిలువుగా తిరిగే చిన్న రోటరు. తోక రోటరు పక్కకు తోసే గాలి, దేహం గిర్రున తిరగకుండా పట్టి నిలుపుతుంది. ఇది తేలిక, సరళం. నేడు ప్రపంచంలోని హెలికాప్టర్లలో అత్యధిక భాగం ఈ పద్ధతిలోనే నిర్మింపబడుతున్నాయి.

1939 సెప్టెంబరు 14న స్ట్రాట్‌ఫర్డ్‌లో, ఉక్కు గొట్టాలతో కట్టిన అస్థిపంజరం వంటి ఆ యంత్రంలో సికోర్‌స్కీ తానే కూర్చున్నాడు. మొదటి ప్రయోగంలో ప్రాణాపాయం ఉంటే అది నిర్మాతకే ఉండాలన్నది ఆయన నియమం. యంత్రాన్ని నేలకు తాళ్ళతో కట్టి ఉంచారు. తలపై టోపీతో, సూటు ధరించి కూర్చున్న ఆ యాభై ఏళ్ళ మనిషి చేతి కదలికతో చక్రాలు నేలను వదిలాయి. కొన్ని అంగుళాల ఎత్తు, కొన్ని క్షణాల కాలం. కీవ్‌లో ఓడిపోయిన ఇరవై ఏళ్ళ యువకుడు ముప్పై ఏళ్ళ తరువాత గెలిచాడు. 1940 మేలో తాళ్ళు లేకుండా ఆ యంత్రం ఎగిరింది. ఆ రోజుల్లో అది వెనుకకు, పక్కలకు చక్కగా ఎగిరేది కాని ముందుకు పోవడానికి మొరాయించేది. ఆ చలనచిత్రాన్ని చూసిన సంస్థ పెద్ద ఒకరు, ముందుకు ఎగిరినట్లు ఎక్కడా కనిపించలేదేమని అడిగితే, అది తాము ఇంకా పరిష్కరించవలసిన చిన్న సమస్యలలో ఒకటని సికోర్‌స్కీ గంభీరంగా బదులిచ్చాడట. ఆ చిన్న సమస్య తీరడానికి ఎన్నో మార్పులు అవసరమయ్యాయి. 1941 మే 6న అదే యంత్రం గంటా 32 నిమిషాలకు పైగా గాలిలో నిలిచి ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

అప్పటికి రెండవ ప్రపంచ యుద్ధం సాగుతోంది. 1942లో ఎగిరిన ఆర్-4, పెద్ద సంఖ్యలో తయారైన తొలి హెలికాప్టర్‌గా చరిత్రలో నిలిచింది. దాని తొలి సాహసానికి మన దేశంతో సంబంధం ఉంది. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవుల్లో ఒక చిన్న విమానం కూలిపోయి, దాని చోదకుడూ గాయపడిన ముగ్గురు బ్రిటిష్ సైనికులూ శత్రు సేనల నడుమ చిక్కుకొన్నారు. అస్సాంలోని లాలాఘాట్ విమాన స్థావరానికి చెందిన ఆర్-4 ఒకటి కార్టర్ హార్మన్ అనే యువ చోదకునితో అక్కడికి బయలుదేరింది. బర్మా వేడిగాలి పలుచనిది. ఆ గాలిలో ఆ చిన్న యంత్రం చోదకుడు కాక మరొక్క మనిషిని మాత్రమే ఎత్తగలదు. అందువల్ల హార్మన్ ఒక్కొక్కరిని మోస్తూ నాలుగు సార్లు అడవిలో దిగి, నలుగురినీ కాపాడాడు. యుద్ధరంగంలో హెలికాప్టర్ మనుషులను రక్షించడం అదే ప్రథమం. 1945 నవంబరు 29న తుపానులో చిక్కి పగిలిపోతున్న ఒక చమురు పడవపై నుంచి ఇద్దరిని తాడుతో పైకి లాగి రక్షించినది కూడ సికోర్‌స్కీ హెలికాప్టరే. దానిని నడిపినది ఆయన మేనల్లుడు.

ఈ వార్తలు సికోర్‌స్కీకి కలిగించిన ఆనందాన్ని ఏ లాభమూ కలిగించలేదు. ఆయన దృష్టిలో విమానం సూదూర ప్రయాణానికి సాధనం. హెలికాప్టర్ ఆపన్నులకు చాచిన హస్తం. దారిలేని చోటికి, దిగే వీలులేని చోటికి చేరగలది అదొక్కటే. భారత వాయుసేన 1954లో తన తొలి హెలికాప్టర్‌గా స్వీకరించినది కూడ ఆయన సంస్థ నిర్మించిన ఎస్-55.

1957లో సికోర్‌స్కీ ఉద్యోగ విరమణ చేశాడు. అయినా సలహాదారుగా ప్రతిదినం కార్యాలయానికి వచ్చేవాడు. ఆ వయస్సులో ఆయనను పట్టుకొన్న ఆలోచన ఎగిరే క్రేను. హెలికాప్టర్‌కు పెద్ద దేహం కట్టి అందులో సరుకులు నింపడమెందుకు? ఆ దేహం బరువు కూడ మోయవలసిన బరువే కదా! దానిని తొలగిస్తే అంత సరుకు అదనంగా ఎత్తవచ్చు. చోదకులు కూర్చునే చిన్న గది, ఇంజన్లు, రోటర్లు, వెన్నెముక వంటి ఒక దూలం ఉంటే చాలు. బరువును కింద వేలాడదీయవచ్చు, లేదా సిద్ధంగా అమర్చిన పెట్టెను ఆ వెన్నెముకకు తగిలించవచ్చు. ఆ పెట్టె సరుకుల గిడ్డంగి కావచ్చు, శస్త్రచికిత్సాలయమూ కావచ్చు. 1959లో ప్రయోగ నమూనా ఎగిరింది. 1962 మే 9న ఎస్-64 స్కైక్రేన్ ఆకాశానికి లేచింది. ఆరు రెక్కల రోటరు, సుమారు 22 మీటర్ల వ్యాసం, రెండు టర్బైన్ ఇంజన్లు, తొమ్మిది టన్నుల వరకు ఎత్తగల సామర్థ్యం. బరువును స్వయంగా చూస్తూ దించడానికి వీలుగా, వెనుకకు తిరిగి కూర్చునే చోదకునికి ప్రత్యేక స్థానం. చూపులకు అదొక పెద్ద మిడత వలె ఉంటుంది.

దానిని మొదట కోరినది అమెరికా సైన్యం. సీహెచ్-54 టార్హే అన్న పేరుతో అది వియత్నాం యుద్ధానికి వెళ్ళింది. టార్హే ఒక ఆదివాసి నాయకుని పేరు. పొడవైన విగ్రహం వల్ల ఆయనకు కొంగ అన్న బిరుదు ఉండేది. ఆ యుద్ధంలో సీహెచ్-54లు కూలిపోయిన విమానాలను, హెలికాప్టర్లను 380 వరకు ఎత్తి తెచ్చాయి. ఫిరంగులను కొండలపైకి చేర్చాయి. అవే యంత్రాలు దట్టమైన అడవిలో హెలికాప్టర్లు దిగడానికి జాగా చేయడం కోసం, ఒక్కొక్కటి 4,500 కిలోల బరువున్న బాంబులను కూడ జారవిడిచాయి. ఒక్క పేలుడుతో ఎన్నో వృక్షాలు నేలకూలేవి. ఇల్యా మురొమెత్స్ కథ మళ్ళీ జరిగింది. ఎత్తగల చేతికి ఏమి ఎత్తాలో చెప్పేది ఆ చేయి కాదు, దాని వెనుకనున్న మనస్సు. నిర్మాత ఉద్దేశం ఎంత పవిత్రమైనదైనా, యంత్రం ఆయన ముంగిలి దాటిన తరువాత సమాజం చేతిలోనిదే అవుతుంది. సికోర్‌స్కీ జీవితంలో విద్యార్థులు గంభీరంగా ఆలోచించవలసిన విషయమిది.

సికోర్‌స్కీ దైవభక్తి పరాయణుడు. మత, తాత్త్విక విషయాలపై గ్రంథాలు రచించాడు. మితభాషి, అతి మర్యాదస్థుడు. చరమదశలో రాసిన ఒక లేఖలో, హెలికాప్టర్ ప్రాణరక్షణకు గొప్ప సాధనమవుతుందని తాను మొదటి నుంచీ నమ్మాననీ, ఆ నమ్మకం నిజమైనందుకు సంతృప్తిగా ఉన్నదనీ తెలియజేశాడు. 1972 అక్టోబరు 26న కనెక్టికట్‌లోని ఈస్టన్‌లో, 83వ ఏట, ఆయన కన్నుమూశాడు.

స్కైక్రేన్ కథలో శ్రేష్ఠమైన అధ్యాయం ఆయన మరణానంతరం మొదలైంది. ఆరెగాన్ రాష్ట్రంలోని ఎరిక్సన్ ఎయిర్-క్రేన్ సంస్థ 1970వ దశకంలో ఆ యంత్రాలతో కొండలపై నుంచి దుంగలు దించేది. 1992లో వాటి నిర్మాణ హక్కులను కొనుగోలు చేసి, వెన్నెముక కింద ఖాళీగా ఉన్న చోట నీటితొట్టిని అమర్చింది. ఆ తొట్టిలో సుమారు 10,000 లీటర్ల నీరు పడుతుంది. ఏనుగు తొండం వంటి లావుపాటి గొట్టాన్ని చెరువులోకి దించితే, మోకాలిలోతు నీరున్నా చాలు, 45 సెకన్లలో తొట్టి నిండుతుంది. హెలికాప్టర్ కిందికి దిగనక్కరలేదు. నిండిన వెంటనే మంటవైపు మళ్ళుతుంది. తొట్టి అడుగున ఉన్న తలుపులను ఎంత మేర తెరవాలో చోదకుడే నిర్ణయిస్తాడు. మంట తీవ్రతను బట్టి నీటిని ఒక్కసారిగా కుమ్మరించవచ్చు, పొడవుగా చారవలె చల్లవచ్చు.

విమానాలు కూడ మంటలపై నీరు చల్లుతాయి. అయితే వాటిలో అనేకం నీరు నింపుకోవడానికి విమానాశ్రయానికి తిరిగిపోవాలి. మిగిలినవాటికి విశాలమైన జలాశయం కావాలి. హెలికాప్టర్‌కు సమీపంలో ఒక కుంట ఉంటే చాలు. దారిలేని లోయల్లోకి దిగగలదు. ఎత్తైన గట్టు పక్కన నిలువగలదు. 2001 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో అడవులు అంటుకొన్నప్పుడు ఈ మేలు లోకానికి వెల్లడైంది. ఎల్విస్ అన్న ముద్దుపేరు గల స్కైక్రేన్, మంటల నడుమ చిక్కుకొన్న 14 మంది అగ్నిమాపక సిబ్బందిని నీటిధారతో కాపాడింది. ఆ దేశపు పిల్లలు దానిని బంధువువలె పేరుతో పిలిచేవారు. గ్రీసు, ఇటలీ, దక్షిణ కొరియా దేశాల అడవుల్లోనూ స్కైక్రేన్‌లు మంటలతో పోరాడాయి. ఒకప్పుడు బాంబుతో అడవిని నేలకూల్చిన జాతి యంత్రమే అడవిని నిలబెట్టే పనికి పూనుకొన్నది.

ఈ శక్తికి ఒక మేర ఉన్నదని గుర్తించడం కూడ అవసరం. ఎంతటి భారవాహక హెలికాప్టరైనా కార్చిచ్చును ఒంటరిగా ఆర్పలేదు. పై నుంచి పడిన నీరు మంట ఉధృతిని కొంతసేపు తగ్గిస్తుంది. ఆ కాస్త వ్యవధిలో నేలమీది సిబ్బంది ఎండుటాకులను, పొదలను తొలగించి, మంట దాటరాని ఖాళీ బాటను ఏర్పరచాలి. అది జరగకపోతే నీరు ఆవిరైన కొద్దిసేపటికే నిప్పు మళ్ళీ రాజుకొంటుంది. దట్టమైన పొగలోనూ, పెనుగాలిలోనూ హెలికాప్టర్లు ఎగరలేవు. ఖర్చు కూడ అధికం. ఆకాశంలోని చేయికి నేలమీది చేతులు తోడైనప్పుడే అడవి దక్కుతుంది.

మన దేశంలో ఈ పనికి వాయుసేన ప్రధానంగా రష్యాలో తయారైన ఎంఐ-17 హెలికాప్టర్లను వినియోగిస్తుంది. పెద్ద బకెట్‌ను తాడుతో వేలాడదీసి, సరస్సులో ముంచి, మంటపై ఒలకబోస్తారు. అటువంటి బకెట్లలో సుమారు 3,500 లీటర్ల నీరు పడుతుంది. 2016లోనూ 2024లోనూ ఉత్తరాఖండ్ అడవులు తగలబడినప్పుడు ఈ హెలికాప్టర్లు నీటిని మోశాయి. 2014 మార్చిలో తిరుమల కొండలపై శేషాచలం అడవికి నిప్పంటుకొన్నప్పుడు కూడ వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీరు చల్లాయి. ఎర్రచందనానికి నిలయమైన ఆ అరణ్యం మనకు ప్రాణప్రదమైనది. ఆ హెలికాప్టర్లు సికోర్‌స్కీ కర్మాగారంలో పుట్టినవి కావు. అయినా పైన ఒక పెద్ద రోటరు, తోకన ఒక చిన్న రోటరు అన్న అమరిక మాత్రం 1939లో స్ట్రాట్‌ఫర్డ్‌లో నేల విడిచిన యంత్రానిదే.

సికోర్‌స్కీ మొదటి హెలికాప్టర్ తనను తాను కూడ ఎత్తుకోలేకపోయింది. రెండవది మనిషిని మోయలేకపోయింది. బర్మా అడవిలో ఆయన యంత్రం ఒక్క క్షతగాత్రుని మోసింది. ఆయన మరణానంతరం ఆయన ఊహించిన క్రేను ఒక్క విడతలో పదివేల లీటర్ల నీటిని మోసింది. ఈ నాలుగు మెట్ల నడుమ దాదాపు తొమ్మిది దశాబ్దాల కాలం గడిచింది. ఓటమి ఎదురైనప్పుడు ఆశయాన్ని కాక మార్గాన్ని మార్చుకోవడం, కాలం అనుకూలించినప్పుడు వయస్సును లెక్కచేయక మళ్ళీ మొదలుపెట్టడం ఆయన జీవితం నేర్పే మొదటి పాఠం. శక్తిని సృష్టించడంతో పని ముగియదనీ, ఆ శక్తి బాంబును మోయాలో నీటిని మోయాలో నిర్ణయించే బాధ్యత ప్రతి తరంపైనా ఉంటుందనీ తెలపడం రెండవ పాఠం. మొదటి పాఠాన్ని సికోర్‌స్కీ తానే ఆచరించి చూపాడు. రెండవది ఆయన తరువాతి తరాలకు విడిచిపెట్టిన బాధ్యత.